రాకాసి గుళ్లలో బంగారం లేదు, బొక్కలున్నాయి

సంపాదకుడు గారికి,

రామప్ప, మేడారం, బొగత చూసేందుకు వచ్చేవాళ్లలో కొందరు ఇప్పుడు తాడ్వాయి మండలం దామెరవాయి అడవిలోని రాకాసి గుళ్ల దాకా వెళ్తున్నారు. మంచిదే. అయితే పేరుకు గుళ్లే గానీ అవి ఇనుప యుగపు సమాధులు. గుప్తనిధుల ఆశతో వాటిని తవ్వేవాళ్లకూ, సరదాగా పైకప్పు బండ ఎక్కి ఫొటోలు దిగేవాళ్లకూ అక్కడ పోతున్నదేమిటో తెలియాలి.

నాలుగు బండలను నిలువుగా పాతి, పైన ఒక పెద్ద బండ పరుస్తారు. గోదావరి లోయలో కొన్నిటి లోపల ఒకే రాతిని తొలిచిన తొట్టి కూడా ఉంటుంది. నిలువు బండలను పట్టి ఉంచేది వాటి మొదళ్ల దగ్గరున్న మట్టి, రాళ్లే. అక్కడ తవ్వితే కప్పు జారుతుంది. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెటలో పురావస్తు శాఖ తవ్విన సమాధి కప్పు బండ సుమారు 40 టన్నులు! మైదానపు ఊళ్లలో మాత్రం రాతి గది భూమిలోపలే ఉంటుంది. పైకి కనిపించేది గుండ్ల వలయం, మధ్యలో కొంచెం ఉబ్బు, అంతే. చెలక చదును చేసే డోజరు డ్రైవరుకు అది సమాధి అని ఎలా తెలుస్తుంది?

లోపలి సంపద బొక్కలే, అంటే ఎముకలే. కటి ఎముకను బట్టి ఆడా మగా తేలుతుంది. తొడ ఎముక మనిషి ఎత్తులో దాదాపు నాలుగో వంతు కాబట్టి, అది విరగకుండా దొరికితే ఎత్తు లెక్కగట్టవచ్చు. పంటి పింగాణీ (ఎనామిల్) చిన్నతనంలోనే ఏర్పడి మళ్లీ మారదు. పిల్లప్పుడు ఆకలితోనో జబ్బుతోనో ఎదుగుదల ఆగితే దాని మీద అడ్డగీతలు మిగులుతాయి. తిండీ నీళ్లతో నేల నుంచి ఆ పింగాణీలో చేరిన స్ట్రాన్షియం అనే మూలకాన్ని బట్టి ఆ మనిషి పెరిగింది ఈ నేల మీదనేనా, వేరే చోటు నుంచి వచ్చాడా అన్నదీ చెప్పవచ్చు. డీఎన్ఏ బాగా నిలిచేది చెవి లోపలి భాగాన్ని కప్పి ఉండే గట్టి ఎముకలో. మన వేడికి, వానకు మిగతావి పొడి పొడి అవుతాయి. చాలాచోట్ల చివరికి చేతికొచ్చేవి పళ్లే.

అసలు చిక్కు ఇది. ఆ కాలంలో కొన్ని సమాధుల్లో శవాన్ని నేరుగా పెట్టలేదు. మరోచోట మాంసం పోయాక పుర్రె, పెద్ద ఎముకలు ఏరి తెచ్చి పోగుపెట్టారు. వేళ్ల ఎముకల వంటి చిన్నవి అక్కడే పోయాయి. అంటే కుప్పగా పడి ఉండటమే ఒక ఆచారానికి సాక్ష్యం. దొంగలు ఒక్కసారి గడ్డపార దింపాక ఆ కుప్ప ఆనాటి బంధువులు పేర్చిందో, నిన్నటి తవ్వకంలో చెదిరిందో ఎవరూ తేల్చలేరు.

కాబట్టి వానకు ఎముక బయటపడితే చేత్తో తీయకండి, మీ డీఎన్ఏ దానికి అంటుతుంది. కడిగితే చిట్లుతుంది, ఎండబెడితే పగులుతుంది, ఫెవికాల్ పూస్తే కాలనిర్ణయానికి పనికిరాకుండా పోతుంది. పరిమాణం తెలిసేలా పక్కన పెన్ను పెట్టి ఒక ఫొటో తీయండి. ఫోనులో లొకేషన్ గుర్తించి, అక్కడి మట్టినే పైన పలచగా కప్పి, తహసీల్దారుకు తెలపండి. కుండపెంకు కూడా జేబులో వేసుకోవద్దు. అది ఉన్న చోటే దాని విలువ. భూమిలో దొరికిన వస్తువు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది.

ప్రభుత్వానికి ఒకటే విన్నపం. 2017లో తెచ్చిన వారసత్వ చట్టం ఉంది. ములుగు, పెద్దపల్లి, కరీంనగర్, సిద్దిపేట జిల్లాల్లో వలయాలున్న సర్వే నంబర్లను గుర్తించి రెవెన్యూ రికార్డులో రాయించండి. క్వారీ లీజుకు గానీ, భూమి చదునుకు గానీ అనుమతి ఇచ్చే ముందు పురావస్తు శాఖ మనిషి ఆ నేల మీద ఒకసారి నడిచి చూడాలన్న నిబంధన పెట్టండి. ఈ వేసవి పనులు మొదలయ్యేలోగా జరిగితే మేలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ