రెడీమేడ్ రిథమ్ బంద్: మా స్టూడియోలో పాడే వాళ్లందరికీ

కరీంనగర్‌లో మా దగ్గరికి వచ్చి జానపదాలు పాడుకునే అన్నలకు, అక్కలకు, తమ్ముండ్లకు, చెల్లెండ్లకు,

ఆషాఢంలో యూట్యూబ్‌లో వదిలిన బోనాల పాటల మీద కాపీరైట్ క్లెయిములు (ఈ చప్పుడు మాది అని వేరేవాళ్ల దావాలు) వచ్చాయని మీలో చాలామంది ఫోన్ చేశారు. కొందరు అడిగారు, కొందరు నిలదీశారు. "స్టూడియోవాళ్లు కొట్టేసిన ట్రాక్ అంటగట్టారు" అని వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో తిప్పిన మాట మా దాకా వచ్చింది. అది కొట్టేసింది కాదు, పైసలిచ్చి కొన్నది. రసీదు, మెయిలు రెండూ ఉన్నాయి, ఎవరొచ్చినా చూపిస్తాం.

ఆ పాటలకు రిథమ్ కంప్యూటర్‌లో రెడీమేడ్‌గా చేసి అమ్మే బయటి ప్రోగ్రామర్ దగ్గర తీసుకున్నాం. 6/8 నడకలో డప్పు, డోలక్, తాళాలు. పల్లవికి ఒకటి, చరణానికి ఒకటి, మధ్య మ్యూజిక్‌కు తీన్మార్ ముక్క ఒకటి, అన్నీ విడివిడి ఫైళ్లు. ఇవే ఫైళ్లు ఇంకెవరికైనా అమ్ముకుంటాను, మీరు మీ పాటల్లో వాడుకోండి అని మెయిల్లో రాసిచ్చాడు. ఆ షరతుకు ఒప్పుకునే కొన్నాం, చవకగా వచ్చింది కూడా అందుకే. తర్వాత అదే తీన్మార్ ముక్కతో ఇంకో ఛానల్‌కు పాట చేసి, "ఇది మీకొక్కరికే" అని వాళ్లకు రాసిచ్చాడు. ఆ ఛానల్‌వాళ్లు నమ్మి, పాటను డిస్ట్రిబ్యూటర్ (పాటలను ఆన్‌లైన్‌లో ఎక్కించే కంపెనీ) ద్వారా యూట్యూబ్‌వాళ్ల కంటెంట్ ఐడీలో ఎక్కించారు. ఒకే బర్రెను ఇద్దరికి అమ్మినట్టయింది. ఫోన్ చేస్తే "అన్నా, అందరూ ఇట్లనే చేస్తారు" అంటాడు. అందరూ చేస్తే చేయనీ, మాకు రాసిచ్చిన కాగితానికి విలువ ఉండాలి కదా.

కంటెంట్ ఐడీకి మీ గొంతుతో గొడవ లేదు. అది చప్పుడును చప్పుడుతో పోల్చి చూసే యంత్రం. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో మీద కాపీరైట్ వివరాలు తెరిస్తే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కలిసిందో నిమిషాలు, సెకన్లలో చూపిస్తుంది. ఒక పాటలో 1:12 నుంచి 1:31 వరకు చూపించింది. సరిగ్గా మొదటి చరణం అయ్యాక గొంతు ఆగి డప్పు ఒక్కటే మోగే జాగా. మీ పాటలో కూడా ఇట్లాంటి జాగాలోనే పట్టిందా లేదా ముందు చూసుకోండి. గొంతు మీదో, బాణీ మీదో పట్టి ఉంటే అది వేరే సంగతి, మాకు ఫోన్ చేయండి.

నిద్ర పట్టనివ్వనిది ఒక్కటే, ఈ క్లెయిముల మీద కొట్లాడాలా, ఊరుకోవాలా అని. ఊరుకుంటే చాలా పాటలకు వీడియో అట్లనే నడుస్తుంది, యాడ్స్ పైసలు మాత్రం వాళ్లకు పోతాయి. "పోతే పోనీ, వ్యూస్ ఉంటే చాలు" అన్నవాళ్లు మీలో ఉన్నారు. యాడ్స్ పైసలు రావడానికి కావాల్సిన 1,000 సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఇంకా దాటని ఛానల్‌కు ఈ లెక్క సబబుగానే కనిపిస్తుంది. ఈ రోజు రాని పైసల కోసం తగాదా ఎందుకు? కానీ రేపు ఆ గీత దాటినంక కూడా అదే పాట వేరేవాళ్ల ఖాతాలో సంపాదిస్తూనే ఉంటుంది. ఎదుగుతున్న గాయకులకు మొదటి రెండు మూడు పాటలే పెట్టుబడి, వాటిని వదులుకోమని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

వీడియో తీసేసి మళ్లీ ఎక్కిస్తే? అదే ఆడియోకు అదే క్లెయిమ్ తిరిగొస్తుంది, పైగా వ్యూస్, కామెంట్లు, పంచుకున్న లింకులు అన్నీ పోతాయి. ఎక్కించిన వీడియోలో ఆడియో ఫైలును మార్చే దారి యూట్యూబ్ ఇవ్వదు. ఎడిటర్‌లో ఉన్న "పాట మార్చు" అనే సౌకర్యం వాళ్ల లైబ్రరీ మ్యూజిక్ వేస్తుంది, మీ పాటే పోతుంది. మానిటైజేషన్ (యాడ్స్ పైసలు) లేని ఛానల్‌లో వీడియో లక్ష వ్యూస్ దాటితే ఆ ఎడిటింగ్ కూడా సేవ్ కాకపోవచ్చు.

అందుకే డిస్ప్యూట్ (క్లెయిమ్ తప్పని అభ్యంతరం) వేయాలనే నిర్ణయించాం. మన వాదన గట్టిది. ఒక్కరికే చెందని, నలుగురికి లైసెన్సు ఇచ్చిన లూపులను, రిథమ్ ముక్కలను కంటెంట్ ఐడీలో పెట్టకూడదని యూట్యూబ్ నియమమే ఉంది. డిస్ప్యూట్‌లో లైసెన్సు కారణాన్ని ఎంచుకుని, కొన్న తేదీ, ఎక్కడ కలిసిందో ఆ సెకన్లు, ఆ ముక్క పలువురికి అమ్మిందన్న మెయిల్లోని వాక్యం రాయాలి. రాసే మాటలు మేమే తయారు చేసి ఇస్తాం, మీ ఛానల్ నుంచి మీరే పంపాలి. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి యాడ్స్ పైసలు తేలేదాకా పక్కన పెడతారు. ఆ తర్వాత వేస్తే వేసిన రోజు నుంచే. ఎదుటివాళ్లకు 30 రోజుల గడువు. జవాబివ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది.

మేం భయపడ్డది ఆ తర్వాతి మెట్టు గురించి. డిస్ప్యూట్‌ను వాళ్లు కొట్టేస్తే అప్పీలు వేయొచ్చు, దానికి వాళ్లకు 7 రోజులు. అప్పుడు కూడా వాళ్లు మొండికేసి వీడియో తీసేయమని కోరితే స్ట్రైక్ (యూట్యూబ్ వేసే కాపీరైట్ శిక్ష) పడేది మా మీద కాదు, మీ ఛానల్ మీద. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. అందువల్ల డిస్ప్యూట్ అందరికీ వేయిస్తాం. అప్పీలు మాత్రం మీరు "సరే" అని రాసిస్తేనే. ఒకే ఛానల్‌లో మూడు క్లెయిములు ఉంటే మూడింటికీ ఒకేసారి అప్పీలు వేయనివ్వం, ఒకదాని ఫలితం చూసి రెండోది. మీరు తొందరపడినా మేం ఒప్పుకోం.

ఆ పాటలన్నింటికీ రిథమ్ కొత్తగా, డప్పు లైవ్‌గా కొట్టించి, మా ఖర్చుతోనే రెండో వెర్షన్ చేసిస్తున్నాం. ఇది మీ మీద దయ కాదు, మా పేరు మా చేతుల్లోకి తెచ్చుకోవడం.

ఇక నుంచి మా దగ్గర ప్రతి పాటకూ లైవ్ డప్పే. పాటకు ₹3,500 పెరుగుతుంది, అది పూర్తిగా వాయించేవాళ్లకే పోతుంది. ముగ్గురు ఒకేసారి ఒకే దరువు వేస్తారు. ఒక్కడితో మూడుసార్లు కొట్టించి కలిపితే ఆ దడదడ రాదు, విన్నవాళ్లకు తెలిసిపోతుంది. మైకు తోలుకు నాలుగడుగుల దూరంలో, కొంచెం పక్కకు తిప్పి పెడతాం. దగ్గర పెడితే సిర్ర (లావు పుల్ల) దెబ్బకు రికార్డింగ్ పగులుతుంది, సిటికెన పుల్ల (సన్న పుల్ల) సవ్వడి మునిగిపోతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో, చప్పుడు పగలకుండా, గట్టి దెబ్బ కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా తీసుకుంటాం. వానకాలంలో తోలు చల్లబడితే శ్రుతి జారుతుంది. మొదటి టేక్‌లో ఖంగుమన్నది మూడో టేక్‌కు బొద్దుగా మోగితే రెండింటినీ అతికించలేం. కాబట్టి పెరట్లో మంట పెట్టి, కాచిన వెంటనే పాట మొత్తం ఒకే దమ్ములో కొట్టిస్తాం. ప్రతి టేక్ ముందు ఒక్క దెబ్బ విడిగా రికార్డు చేసి, వెనకటి దానితో పోల్చుకుంటాం. కలవకపోతే మళ్లీ మంట దగ్గరికే. దీనివల్ల పాట ఒక్క పూటలో అయిపోదు, వాయిస్‌కు ఒక రోజు, రిథమ్‌కు ఇంకో రోజు పెట్టుకోండి.

ఇంకో ఫిర్యాదు రాబోతోంది, ముందే చెబుతున్నా: "సౌండ్ తక్కువైంది." లైవ్ డప్పులో దెబ్బకు దెబ్బకు మధ్య ఊపిరి ఉంటుంది, ప్రోగ్రామింగ్ ట్రాక్ మాదిరి గోడలాగా ఉండదు. యూట్యూబ్ దాదాపు మైనస్ 14 లఫ్స్ (చప్పుడు గట్టిదనాన్ని కొలిచే లెక్క) కంటే గట్టిగా ఉన్నదాన్ని తనే తగ్గిస్తుంది, కాబట్టి సౌండ్‌ను నొక్కి నొక్కి గట్టిగా చేసినా లాభం లేదు, దరువు చచ్చిపోవడం తప్ప. బరాత్‌లకు, డీజేలకు కావాలంటే గట్టి మిక్స్ వేరే ఫైలుగా ఇస్తాం.

ప్రతి పాటతో ఒక కాగితం కూడా వస్తుంది: పాడిందెవరు, రాసిందెవరు, బాణీ ఎవరిది, ఏ చప్పుడు ఎక్కడిది, వాయించినవాళ్ల సంతకాలు, ఐఎస్ఆర్‌సీ నంబరు (ప్రతి రికార్డింగ్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు). పాత జానపదమైతే "సేకరణ" అనే రాయండి, సొంతమని రాయొద్దు. ఛానల్‌వాళ్లకు పాట అమ్మేటప్పుడు ఈ కాగితం జత చేసి, ఎన్నేళ్లకు, ఎక్కడెక్కడికి ఇస్తున్నారో ఒప్పందంలో రాయించుకోండి. హక్కులు రాసిచ్చిన ఒప్పందంలో కాలం రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేననీ 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. అయినా ఆ ధీమాతో ఖాళీగా వదలకండి. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా పాత రికార్డింగ్‌కు పాత ఐఎస్ఆర్‌సీనే ఇవ్వండి. లైవ్ డప్పు వెర్షన్‌కు కొత్తది. రెడీమేడ్ రిథమ్ ఉన్న ఏ పాటకూ డిస్ట్రిబ్యూటర్ దగ్గర కంటెంట్ ఐడీ టిక్కు పెట్టొద్దు. లైవ్ వెర్షన్‌కు పెట్టుకోవచ్చు, కానీ ముందు మీ ఛానల్‌ను మినహాయింపు జాబితాలో చేర్చమని డిస్ట్రిబ్యూటర్‌కు రాయండి. లేకపోతే మీ పాటకు మీ వీడియో మీదే క్లెయిమ్ పడుతుంది.

బతుకమ్మ పాటలకు తేదీలు ఇస్తున్నాం. ఎంగిలిపూలకు (బతుకమ్మ మొదటి రోజుకు) కనీసం మూడు వారాల ముందు వాయిస్ అయిపోవాలి, ఆ తర్వాత వచ్చినవి దసరా దాటినంకే. క్లెయిమ్ పడ్డవాళ్ల రెండో వెర్షన్లు ముందు, కొత్త బుకింగులు తర్వాత. ఈ వరుస ఎవరి కోసమూ మారదు. సొంత ట్రాక్ తెచ్చుకుని వాయిస్ ఒక్కటే చేయమంటే చేస్తాం, కొన్న రసీదు, షరతుల కాగితం చూపించాలి. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన ట్రాక్‌కు మా మైకు ఆన్ కాదు.