జ్యూఫిష్‌కి ఇదే అదను
అన్నయ్యలూ, శనివారం రాత్రి సిడ్నీ దగ్గరి హాక్స్‌బరీ నదికి చేపల వేటకి వద్దామనుకుంటున్నారుగా, ఒక్క మాట. మల్లోవే చేప (ఇక్కడివాళ్ళు జ్యూఫిష్ అంటారు, మన కచిడికి చుట్టమే) ఏడాదంతా దొరుకుతుంది, కానీ సిడ్నీ వైపు బీచ్‌ల్లో అసలు సందడి మార్చి నుంచి జూన్ దాకా, ముల్లెట్ చేపల గుంపులు నది వదిలి సముద్రంలోకి దిగుతుంటే ఇవి వెనకే తిరుగుతాయి. నదిలో అయితే ఇక్కడి వేసవి (డిసెంబర్ నుంచి ఫిబ్రవరి) కూడా మంచిదే, గట్టి వాన పడి ఎర్రనీళ్ళతో రొయ్య కిందికి కొట్టుకొచ్చినప్పుడు మరీను. పోటు తిరిగే వేళ, చీకట్లోనే గాలం వేయండి. ఎరకి తాజా స్క్విడ్ చాలు, ఫ్రిజ్‌లో మగ్గింది తేవద్దు బాబూ. పోయినసారి నేను ఫోన్ చూస్తుంటే రీల్ గిర్రుమంది, లేచేసరికి రాడ్ అలల్లో ఉంది! లైసెన్స్ తెచ్చుకోండి, 70 సెంటీమీటర్లలోపుదైతే వదిలేయాల్సిందే.