రొయ్య పెంకుతో గాయానికి కట్టు: అమ్మాయికి ఉత్తరం

పాలకొల్లు

చిరంజీవి అమ్మడికి, అమ్మ ఆశీస్సులు.

రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్ అనే పదార్థంతో మీ ల్యాబులో నానో పోగుల (వెంట్రుకకన్నా ఎంతో సన్నని పోగుల) పొర తయారైందని నువ్వు రాసినప్పటి నుంచి నా మనసంతా ఆ విషయం మీదే ఉంది. మన చెరువుల్లో పెరిగిన రొయ్యలు భీమవరం చుట్టుపక్కల ప్లాంట్లలో తలలూ పెంకులూ తీయించుకుని ఎగుమతికి పోతాయి. మిగిలిపోయే ఆ పెంకే గాయానికి కట్టు అవుతుందంటే, ఈ డెల్టాలో నర్సుగా పనిచేసి రిటైరైన నాకు ఎంతో సంతోషంగా ఉంది.

అయితే నాది ఒక్కటే కోరిక. ఆ పొరను గాయం మీద నుంచి తీసేటప్పుడు ఏమవుతుందో అన్నిటికన్నా ముందు పరీక్షించు. షుగర్ ఉన్నవారి పాదాల పుండ్లకు వట్టి గాజుగుడ్డ వేస్తే, స్రావం ఆరిపోయి గుడ్డ పుండుకు అతుక్కుంటుంది. సెలైన్‌తో తడిపి ఎంత నెమ్మదిగా లాగినా, అప్పుడే ఎర్రగా ఎదుగుతున్న లేత కండ కొంత దానితోపాటు ఊడివచ్చి మళ్ళీ నెత్తురు కారుతుంది. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద గాయాలను పాలిథిన్ పొరతో కప్పి, ఆరనివ్వని గాయం మీద పైచర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంటుందని చూపించాడు. గాయం తడిగా ఉండాలనీ, కట్టు దానికి అంటుకోకూడదనీ మేము నేర్చుకున్నది ఆ దారిలోనే.

నీ పోగులు కొన్ని వందల నానోమీటర్ల మందమే ఉంటాయనీ, చర్మంలోని కొల్లాజెన్ పోగులు కూడా దాదాపు ఆ కొలతలోనే ఉంటాయి కనుక కణాలు వాటిని పట్టుకుని పాకుతాయనీ రాశావు. నా భయం సరిగ్గా అక్కడే ఉంది. కణాలు ఇష్టపడి లోపలికి అల్లుకుపోయిన పొర మామూలు గుడ్డకన్నా గట్టిగా అంటుకోదా? ఆ పొర గాయంలోనే మెల్లగా కరిగి కలిసిపోయేదా, లేక రెండు మూడు రోజులకొకసారి మార్చవలసినదా అన్నది మీరు మొదటే తేల్చుకోవాలి. ఒకే పొరను రెండు పనులకూ పనికొచ్చేలా చేయబోతే ఏ పనికీ సరిగా పనికిరాదని నా అనుమానం.

కైటోసాన్ అణువుల మీది ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల, కిలోవోల్టుల వోల్టేజీ పెట్టినా పోగులు తీసే సూది కొన దగ్గర ద్రావణం పోగుగా సాగక బొట్లుగా తెగుతోందనీ, అందుకే పోగు సాగడానికి పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్ కలిపామనీ రాశావు. అది నీళ్ళలో కరిగేది కదా, పుండు రసిలో మాత్రం ఎంతసేపు నిలుస్తుంది? నిలవడానికి గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో పోగుల్లోని అణువులను ఒకదానికొకటి ముడివేసి బిగించాలన్నది మీ ఆలోచన. మా ఆసుపత్రిలో పరికరాలను క్రిమిరహితం చేయడానికి అదే వాడేవాళ్ళం. గది తలుపు తీయగానే కళ్ళు మండేవి. క్రిములను చంపేది పొరలో మిగిలిపోతే కొత్త చర్మపు కణాలను కూడా చంపవచ్చు. సిట్రిక్ ఆమ్లం కలిపి వేడి చేసినా పోగులు బిగుస్తాయట కదా, ఆ దారి చూడండి. వానాకాలంలో మన వైపు గాలిలో తేమకు పోగులు ఆరక ఒకదానికొకటి అంటుకుంటాయి కనుక, రేపు ఇక్కడ ఎవరైనా దీన్ని తయారు చేయాలంటే ఆ సంగతి కూడా లెక్కలో ఉండాలి.

ముందుగా ఒక ముక్కను ముప్పై ఏడు డిగ్రీల సెలైన్‌లో నానబెట్టి, మొదటి రోజూ మూడో రోజూ ఫోర్సెప్స్‌తో ఎత్తి చూడు. అది ఒక్క ముక్కగా వస్తుందో, చిరిగి ముద్దవుతుందో నాకు రాయి. క్రిములను చంపడానికి పొరలో వెండి కలిపే ఆలోచన ఆ తరువాత చేయవచ్చు.

ఇట్లు,
మీ అమ్మ