డీజీపీ గారూ, చలాన్ రాయండి, ఫొటో మాత్రం పెట్టకండి

తెలంగాణ రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం.

మా చిన్నాన్నకు 63 ఏళ్లు. షుగరుకు తోడు ప్రోస్టేట్ ఇబ్బంది. మొన్న ఎండాకాలంలో ఒకరోజు సిటీ బస్సు గంటన్నర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతే, ఆపుకోలేక మధ్యలోనే దిగి కనిపించిన ప్రహరీ గోడ పక్కకు వెళ్లాడు. తప్పే. ఆ గోడ మీద "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాసి కూడా ఉంది. అటుగా బైక్ మీద పోతున్న కుర్రాడెవరో ఆగి ఫోన్ తీశాడు. పక్కకు తిరిగిన ముఖం, చేతిలో మందుల సంచి, గోడ మీద అక్షరాలు, అన్నీ స్పష్టంగా పడ్డాయి. పోలీసులను, మున్సిపాలిటీ వాళ్లను ట్యాగ్ చేసి పోస్టు పెట్టాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. మర్నాడు మీ పోలీసు శాఖ అధికారిక ఖాతా ఒకటి అదే వీడియో తీసుకుని, కింద ఒక కమెడియన్ బొమ్మ అతికించి, నవ్వే ఎమోజీలతో మళ్లీ పెట్టింది.

సాయంత్రానికల్లా అది మా బంధువుల వాట్సాప్ గ్రూపుకి వచ్చేసింది. పంపినాయన అందులో ఉన్నది ఎవరో చూసుకోలేదు. చూసుకున్నాక తీసేశాడు, కానీ అప్పటికే అందరూ చూశారు. గ్రూపులో ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఎవరో ఒకరు జోక్ వేసినా బాగుండేదేమో, తిట్టడానికైనా వీలుండేది.

మా వాళ్లలో ఏ పెళ్లి జరిగినా భోజనాల దగ్గర నిలబడి "అటు సాంబారు రాలేదు, చూడు" అని వడ్డించేవాళ్లను పరుగెత్తించేది చిన్నాన్నే. ఆ తర్వాతి నెలలో మా మేనత్త కొడుకు గృహప్రవేశానికి రాలేదు. మోకాళ్ల నొప్పులన్నాడు. నేను ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుంటే, టీవీ వైపు చూస్తూనే అన్నాడు: "చలాన్ రాసినా మంచిగుండు రా. కట్టి ఇంటికొచ్చేటోణ్ణి."

సార్, ఆయనకు ఎవరూ చలాన్ రాయలేదు. కేసు లేదు, స్టేషన్‌కు పిలుపు లేదు. శిక్ష మాత్రం పడింది. ఇలాంటి చిల్లర తప్పులకు పెట్టీ కేసు రాయడానికి మన హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి సిటీ పోలీసు చట్టం (అప్పటి ఫసలీ లెక్కలో 1348వ ఏటిది) ఇప్పటికీ ఉంది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 4వ సెక్షన్‌లో శిక్షలను వరసగా చెబుతుంది: మరణశిక్ష, యావజ్జీవం, జైలు, ఆస్తి జప్తు, జరిమానా, కొత్తగా చేర్చిన సమాజ సేవ. తాగి నలుగురిలో అల్లరి చేసినవాడికైనా 355వ సెక్షన్ కింద 24 గంటలకు మించని జైలు, లేదా వెయ్యి రూపాయల లోపు జరిమానా, లేదా ఆ రెండూ, కాదంటే సమాజ సేవ. మీమ్ అనే శిక్ష ఎక్కడా లేదు. మరి మా చిన్నాన్నకు ఆ శిక్ష వేసింది ఎవరు? అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

పూర్వం మన ఊళ్లలో గుండు గీయించి, సున్నం బొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగించేవాళ్లు. అది మంచి పద్ధతని నేననను. ఎక్కించేవాళ్లెవరో, ఎక్కేవాళ్లెవరో కులం అడగకుండానే చెప్పేయొచ్చు. అయినా ఆ ఊరేగింపు పొద్దుగూకేసరికి ముగిసేది. చూసినవాళ్లకు ఆ మనిషి మంచీ చెడూ కూడా తెలిసి ఉండేవి. ఇప్పుడు చూసేవాళ్లకు మా చిన్నాన్న గురించి తెలిసింది 14 సెకన్లు.

14 సెకన్లలో ఏం తెలుస్తుందో చెప్పడానికి మీ శాఖ మనిషి కథే ఉంది. 2015 ఆగస్టులో ఢిల్లీ మెట్రోలో యూనిఫాంలో ఉన్న ఒక హెడ్ కానిస్టేబుల్ నిలబడలేక తూలిపోతున్న వీడియో దేశమంతా తిరిగింది. తాగుబోతు పోలీసని జనం నవ్వుకున్నారు. ఉన్నతాధికారులు సస్పెండ్ చేశారు. తర్వాత విచారణలో తేలిందేమిటంటే, ఆయన తాగలేదు. అంతకుముందెప్పుడో పక్షవాతం వచ్చి, ఒక పక్క ఒళ్లు సరిగా పట్టు చిక్కదు, మాట కూడా తడబడుతుంది. ఉద్యోగం తిరిగి ఇచ్చారు. పోయిన పరువు కోసం ఆయన 2016లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. తాగాడన్న వీడియో చూసినవాళ్లలో తాగలేదన్న వార్త ఎంతమందికి చేరి ఉంటుంది?

2020 మార్చిలో లక్నోలో పౌరసత్వ సవరణ చట్టం మీద జరిగిన నిరసనల కేసుల్లో ఉన్నవాళ్ల ఫొటోలు, పేర్లు, చిరునామాలతో ప్రభుత్వం కూడళ్లలో హోర్డింగులు పెట్టింది. అలహాబాద్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, ఆదివారం పూట కూర్చుని విని, మర్నాడు వాటిని తీసేయమంది. ఏ చట్టం ప్రకారం పెట్టారని అడిగితే సర్కారు చూపించలేకపోయింది. ఆస్తుల ధ్వంసం ఆరోపణలున్న కేసుల్లోనే ఆ మాట అన్నారంటే, గోడ పక్కన నిలబడ్డ ముసలాయన విషయంలో ఏమనాలి?

మన రాష్ట్రం సంగతే చూద్దాం. 2022 మార్చిలో పెండింగ్ చలాన్లలో బైకులకు 75 శాతం మాఫీ చేశారు. 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం. నేనూ కట్టాను, దాచడం ఎందుకు, రెండు నో పార్కింగులు, ఒక హెల్మెట్. అంటే చట్టం ఉల్లంఘించినవాడికి డబ్బు విషయంలో సర్కారు ఇంత ఉదారంగా ఉంది. అదే తప్పుకు ఫేస్‌బుక్‌లోకి ఎక్కిన ముఖానికి మాత్రం నూటికి నూరు శాతం కట్టాల్సిందే, అదీ జీవితాంతం.

భయం లేకపోతే జనం మాట వినరని మీ సిబ్బంది అంటారు. కొంత నిజమే. ఫుట్‌పాత్ మీద ఆపిన కార్ల ఫొటోలు నేనే ఎన్నోసార్లు తీసి ట్యాగ్ చేశాను. ఒకసారి కారు తీయించారు కూడా. ఆ మధ్యాహ్నమంతా ఏదో ఘనకార్యం చేసినట్టు తిరిగాను. ఇప్పుడు తలచుకుంటే, ఆ ఫొటోలో కారు నంబరు మీకు కావాలి గానీ నా ఫాలోయర్లకు ఎందుకు? డ్యూటీలో లంచం పుచ్చుకునే ఉద్యోగి వీడియో వేరు, దాన్ని ఎంతమంది చూస్తే అంత మంచిది. నేను మాట్లాడుతున్నది మామూలు మనుషుల మామూలు తప్పుల గురించి. ఇంకో మాట, సిగ్గు ఉన్నవాడికే ఇది శిక్ష. బ్లాక్ ఫిల్మ్ అద్దాల కార్లలో రాంగ్ రూట్లో వచ్చే బాబులు తమ వీడియో తామే రీల్ చేసుకుంటున్నారు. వాళ్లకు మీ మీమ్ ఉచిత ప్రచారం.

అందుకే నా మనవి. అధికారిక ఖాతాల్లో ముఖాలు, బండి నంబర్లు కనిపించకుండా మసక చేసి పెట్టమని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. హెల్మెట్ గురించి చెప్పాలంటే బొమ్మ గీయించి చెప్పొచ్చు, మీ వాళ్ల హాస్యానికి లోటేమీ లేదు. ఎవరైనా ట్యాగ్ చేస్తే, వీడియో విడిగా పంపి పోస్టు తీసేయమని అడగండి. తప్పుంటే చలాన్ ఇంటికే పంపండి. ఇప్పటిదాకా పెట్టిన పాత పోస్టులను ఒకసారి తిరగేయించండి. డ్రంకెన్ డ్రైవ్ నాకు చిన్న తప్పు కాదు, కానీ అక్కడ కూడా గొట్టంలో ఊదుతున్న ముఖాల ముందు టీవీ కెమెరాలకు ఏం పనో కాస్త ఆలోచించండి. ఇక ఆ బస్సు రూటులో ఒక మూత్రశాల కట్టించమని మున్సిపాలిటీకి విడిగా అర్జీ పెట్టాను, అది మీ పరిధి కాదు.

చిన్నాన్న వీడియో ఉన్న ఆ పోస్టు ఇవాళ పొద్దున కూడా అక్కడే ఉంది. దాని లింకు ఇక్కడ ఇవ్వడం లేదు. మీ కార్యాలయానికి కవర్లో పెట్టి పంపాను.

ఇట్లు,
ఆయన అన్న కొడుకు