సీసాలో ఏయే బ్యాక్టీరియా ఉన్నాయో రాయమనండి

సంపాదకులకు నమస్కారం.

భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును తినే బ్యాక్టీరియా మందులంటూ ఈమధ్య ఎరువుల కొట్లలో మాట వినిపిస్తోంది. చేలో పిచికారీ చేస్తే దిగుబడి పెరుగుతుందట, వాతావరణానికీ మేలట. నాకు నాలుగెకరాల వరి, ఒక రొయ్యల చెరువు ఉన్నాయి. చెరువులో ఏళ్ల తరబడి ప్రోబయాటిక్‌లు, అంటే మేలు చేస్తాయనే బ్యాక్టీరియా మందులు, పోసినవాణ్ని కాబట్టి సీసా అంటేనే అనుమానం.

అలాగని ఇది బూటకం అనడం లేదు. నీళ్లు నిలిచిన చేలో, గాలి ఆడని బురదలో గడ్డి కుళ్లి మీథేన్ పుడుతుంది. వరి వేళ్ల పక్కన కాస్త ఆక్సిజన్ దొరికేచోట దాన్ని తినే బ్యాక్టీరియా కూడా ఉంటాయి. సోంగెన్ అనే డచ్ శాస్త్రవేత్త 1906లోనే ఇలాంటి బ్యాక్టీరియాను వేరుచేసి చూపించాడు. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ వాళ్లు మన దేశపు వరి చేలలోనే కొత్త రకాలను కనుగొన్నారు.

అయితే చేలో ఇవి సాధారణంగా ఒంటరిగా పనిచేయవు. ఒకటి మీథేన్‌ను తిని మెథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్ చేస్తుంది. అది పోగుపడితే చేసినదానికే చేటు. పక్కనున్న హైఫోమైక్రోబియం లాంటి ఇంకో బ్యాక్టీరియా ఆ మెథనాల్‌ను తినేస్తుంది కాబట్టి రెండూ బతుకుతాయి. నార్వేలో సహజవాయువుతో సాల్మన్ చేపల మేత తయారుచేసినప్పుడు కూడా మీథేన్ తినే మిథైలోకోకస్ బ్యాక్టీరియాను ఒక్కదాన్నే పెంచలేదు. సహజవాయువులో ఈథేన్ కూడా ఉంటుంది, దాన్నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం, చచ్చిన కణాల చెత్త తినడానికి ఇంకో రెండుమూడు జాతులను తోడు పెట్టారు. అలా తయారైన మేత పొడిలో ప్రొటీన్ 70 శాతం దాకా ఉంటుంది. మేతలో కలిపే చేపపొడి ధర పెరిగినప్పుడల్లా ఫీడ్ రేటు చూసి టెన్షన్ పడే మాలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అందుకే అడుగుతున్నాను. లేబుల్ మీద ‘మేలు చేసే సూక్ష్మజీవులు’ అని రాసి వదిలేస్తే ఎలా? ఏయే జాతులు, బతికున్నవా చచ్చినవా, మిల్లీలీటరుకు ఎన్ని, ఎప్పటిలోగా వాడాలి, ఏ నేలలో పరీక్షించారు, ఇవన్నీ తెలుగులో ఉండాలి. పురుగుమందు డబ్బా మీద లేని రహస్యం దీనికెందుకు?

ఇంకో మాట. మీథేన్ తగ్గించడానికి చేను ఆరబెట్టి మళ్లీ నీరు పెట్టే పద్ధతి కూడా ఉంది, దానికి సీసా అక్కర్లేదు. చిల్లుల పైపు పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇస్తే బురదలోకి గాలి ఆడుతుంది, మీథేన్ బాగా తగ్గుతుంది. కానీ కాలువ చివరి భూముల్లో వంతు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు వచ్చిన నీళ్లను ఎవరు వదులుకుంటారు? మురుగు కాలువలు పూడిపోయిన పల్లపు చేలు ఆరనే ఆరవు. ఇరిగేషన్ అధికారులు ముందు ఆ సంగతి చూడాలి.

మారుటేరు వరి పరిశోధన స్థానం వాళ్లు ఈ మందులను రాబోయే దాళ్వాలో (రబీ వరిలో) మా డెల్టా నేలల్లోనే వేసి, పక్కనే వేయని మడి కూడా ఉంచి, ఫలితాలు మీ పత్రిక ద్వారా ప్రకటించాలని కోరుతున్నాను. మేత సంగతి ఉండి ఊరిలోని మత్స్య పరిశోధన కేంద్రం తేల్చాలి.

– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా