ఆర్ లోయ గురించి నాన్నగారికి

బాన్, జర్మనీ

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. కేవలం 85 కిలోమీటర్ల పొడవున్న ఇక్కడి ఆర్ నది 2021 జూలై వరదలో అంతమందిని ఎలా పొట్టన పెట్టుకుందని మొన్న ఫోనులో మీరు అడిగినప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఆదివారం ఆ లోయకు మరోసారి వెళ్లివచ్చాను కనుక తీరికగా రాస్తున్నాను.

మామూలు రోజుల్లో చూస్తే అదొక చిన్న ఏరు. జూలై 14న చాలాచోట్ల ఒక్క రోజులోనే 100 మిల్లీమీటర్లకు మించి వాన కురిసింది. అంతకుముందు పడిన వానలకే నేల నానిపోయి ఉండటంతో, ఇంకే చోటు లేని నీరంతా నిటారు పలకరాతి కొండల మీదుగా ఇరుకు లోయలోకి ఒక్కసారే దిగింది. లోయలోని ఆల్టెనార్ ఊరి వద్ద అంతకుముందు నమోదైన అత్యధిక నీటిమట్టం 2016 నాటి 3.71 మీటర్లు. ఈసారి అది దాదాపు 10 మీటర్లకు చేరిందని అంచనా వేశారు. కొలిచే పరికరమే ఆ రాత్రి వరదపాలైంది మరి.

ఊళ్లను దెబ్బతీసింది నీరొక్కటే కాదు. వేళ్లతో సహా లేచిన చెట్లు, కార్లు, కారవాన్లు (కార్లకు తగిలించుకునే ఇంటిబండ్లు) వంతెనల కమానుల్లో ఇరుక్కుని వాటిని ఆనకట్టలుగా మార్చేశాయి. వెనుక నీరు ఎగదన్ని ఇళ్లు మునిగాయి; వంతెన తెగగానే ఆ నీరంతా దిగువ ఊరి మీద పడింది. అలా 60కి పైగా వంతెనలు పోయాయి. ఇళ్లను వెచ్చబరచడానికి నేలమాళిగల్లో నిల్వ చేసిన ఆయిల్ బురదలో కలిసి గోడలకు పట్టడంతో, వరదకు నిలిచిన ఇళ్లను సైతం కొన్నింటిని తరువాత కూల్చవలసి వచ్చింది.

లోయలో 130 మందికి పైగా చనిపోయారు. వారిలో 12 మంది, నది రైన్‌లో కలిసే చోటనున్న జిన్‌జిగ్‌లో, దివ్యాంగుల వసతిగృహం కింది అంతస్తులో ఉన్నవారు. ఎగువన షుల్ట్ గ్రామం సాయంత్రానికే మునిగింది; జిన్‌జిగ్‌ను వరద ముంచెత్తేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ నడిమి గంటలు చేతిలో ఉండి కూడా వారిని పైఅంతస్తుకు చేర్చలేకపోయారన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకొక మాట. 1804లో ఇదే నది 63 మందిని బలిగొన్నది. 1910లో రైలుమార్గం వేస్తున్న కూలీలు ఎందరో కొట్టుకుపోయారు. అయినా వరద ముప్పు పటాలను 1940ల నుంచి ఉన్న కొలతల ఆధారంగానే గీశారు. పాత వరదలు కాగితాల మీద ఉన్నాయి కానీ లెక్కలోకి రాలేదు. ఆ పటం చూసి ధైర్యంగా ఇల్లు కట్టుకున్నవారిని తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

2023 ఫిబ్రవరి నుంచి ప్రమాద హెచ్చరికలు ఆ ప్రాంతంలోని సెల్‌ఫోన్లన్నింటికీ ఒకేసారి వెళ్లే ఏర్పాటు జర్మనీలో వచ్చింది. నా ఫోనులోనూ అది పనిచేస్తుంది. నేనుండేది మెరక మీది ఇంట్లో, రెండో అంతస్తులో. ఆ సంగతి అమ్మకు కూడా చెప్పండి, వాన వార్త విన్నప్పుడల్లా దిగులు పడుతోంది.

మీ కుమార్తె