తట్టు తగ్గాక కూడా బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో తట్టు గురించిన వ్యాసం చదివాను. జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం, చెవుల వెనక మొదలై ఒళ్ళంతా పాకే దద్దుర్లు, వారం పది రోజుల్లో తగ్గడం, అన్నీ సరిగ్గానే రాశారు. వ్యాసం అక్కడితో ఆగిపోయింది. ప్రకాశం జిల్లాలో ఏఎన్ఎంగా చేసి రిటైరైనదాన్ని. నేను చూసినంతలో పిల్లలు ఎక్కువ ఇబ్బంది పడింది ఆ తగ్గిన తర్వాతే.

1996లో మా సబ్‌సెంటర్ పరిధిలో నాలుగేళ్ళ పాపకు సంక్రాంతి ముందు తట్టు పోసింది. తొమ్మిదో నెల టీకా రోజున వాళ్ళు ఊళ్ళో లేరట. తర్వాత ఎవరమూ పట్టించుకోలేదు, అందులో నా తప్పూ ఉంది. గుమ్మానికి వేపమండలు కట్టారు, తొమ్మిదో రోజు వేపాకు నీళ్ళు పోశారు. నేను వెళ్ళేసరికి పాప వాకిట్లో ఆడుకుంటోంది. "అమ్మవారు పోసి పోయింది, ఇంక ఒళ్ళు గట్టిపడుద్ది" అంది నాయనమ్మ. నేనూ తలూపి వచ్చేశాను.

శివరాత్రికి చెవిలో చీము. ఉగాది దాటాక విరేచనాలు. బళ్ళు తెరిచేలోపు నెమ్ము చేసి ఒంగోలు తీసుకెళ్ళారు. బతికి బయటపడింది. వాళ్ళమ్మ నన్ను అడిగింది: "మేడమ్, దీనికి దిష్టేమైనా తగిలిందంటారా?" ఏం చెప్పాలో తోచలేదు.

అవన్నీ తట్టు వల్లేనని ఇప్పుడు కూడా ప్రమాణం చేసి చెప్పలేను. కానీ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మా అమ్మాయి వివరించాక అనుమానం బలపడింది. ఇదివరకు వచ్చిన జబ్బులను గుర్తుపెట్టుకునే కణాలు మన ఒంట్లో ఉంటాయి కదా, తట్టు వైరస్ వాటిలోకే దూరి వాటినే నాశనం చేస్తుందట. తర్వాత రక్తంలో కణాల లెక్క మామూలుకు వస్తుంది, కానీ కొత్తగా వచ్చినవాటిలో చాలా వాటికి తెలిసింది తట్టు ఒక్కటే. అందుకే తట్టు మళ్ళీ రాదు, మిగతావన్నీ వస్తాయి. ఊరి పాత దస్తరాలన్నీ తగలబెట్టి, కొత్త పుస్తకంలో తన భూమి ఒక్కటే రాసుకున్న కరణం లాంటిదన్నమాట.

ఇది నిన్నా మొన్నా తెలిసింది కాదు. టీబీ సోకిన పిల్లలకు చర్మం మీద చేసే పరీక్ష తట్టు వచ్చిన రోజుల్లో పనిచేయడం లేదని వియన్నాలో పిర్కే అనే డాక్టరు 1908లోనే రాశాడు. అంటే ఒళ్ళు అప్పటికే తెలిసిన టీబీని కూడా ఆ రోజుల్లో గుర్తుపట్టలేకపోయిందన్నమాట. 2019లో నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తం తట్టుకు ముందూ తర్వాతా పోల్చి చూస్తే, అంతకుముందున్న యాంటీబాడీల్లో, అంటే పాత జబ్బులను గుర్తుపట్టి అడ్డుకునే పదార్థాల్లో, 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. టీకా వేసిన పిల్లల్లో ఇలా జరగలేదు. టీకాలో ఉండేదీ బతికున్న వైరస్సే, కాకపోతే బలం తీసేసినది. ఆ తేడా తల్లులకు చెప్పాలి. "టీకా వేసినా జ్వరమే, తట్టు పోసినా జ్వరమే, ఏదైతేనేం" అన్నవాళ్ళను ఎంతమందిని చూశానో!

తొమ్మిది నెలలు నిండగానే వేసే మొదటి డోసుకు చాలామంది వస్తారు. 16 నుంచి 24 నెలల మధ్య వేయించాల్సిన రెండో దానికొచ్చేసరికి బిడ్డ నడుస్తోంది, బాగుంది అని మానేస్తారు. తట్టు వచ్చిన బిడ్డకు విటమిన్ ఏ ద్రావణం రెండు రోజులు పోయాలని కూడా చాలా ఇళ్ళలో తెలియదు.

ఆరోగ్య శాఖ వారికి నా మనవి ఒకటే. తట్టు వచ్చిన బిడ్డ ఇంటికి ఏడాది పాటు నెలకోసారైనా ఏఎన్ఎమ్మో ఆశా కార్యకర్తో వెళ్ళి చెవి, దగ్గు, విరేచనాలు, బరువు చూసి రావాలి. రిజిస్టర్లో దానికో గడి గీస్తే చాలు, వెళ్ళకపోతే ఖాళీ కనబడుతుంది. మీరు కూడా తట్టు తగ్గాక సంగతి నాలుగు లైన్లు అదే పేజీలో వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
ప్రకాశం జిల్లా.